ముద్దుపళని చేసిన నేరం శృంగారం కాదు!

నేను గట్టిగానే చెబుతున్నాను: పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము' మీద వేటు పడడానికి అసలు కారణం అందులోని శృంగారం కాదు, దాన్ని రాసిన దేవదాసి తన పేరును తలెత్తుకుని చెప్పుకోవడం. ఈ కావ్యాన్ని వీరేశలింగంగారు తప్పుపట్టడం న్యాయమేనా అని ఆయన అభిమానులకూ విమర్శకులకూ మధ్య తగవు నడుస్తోంది. అశ్లీలం కాబట్టే ఆక్షేపించారని వాదించేవారు నా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరించిన ప్రతిలో కొన్ని పద్యాలతో పాటు పీఠికను కూడా ఎందుకు ఎత్తేశారు?

పీఠికలో శృంగారం ఎక్కడుంది? తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ఈ కవయిత్రి, తంజనాయకి మనుమరాలు, అక్కడ తన వంశాన్ని, తన విద్వత్తును చెప్పుకుంటుంది. పండితులను ధనమిచ్చి సత్కరించిన స్త్రీ, కావ్యాలను అంకితం పొందిన స్త్రీ తనవంటి వారిలో ఇంకెవరున్నారని సగర్వంగా అడుగుతుంది. కౌగిలి లేని చోట కూడా కత్తెర పడిందంటే, ఆ కత్తెర పట్టిన చేతికి ఏది కంటగింపుగా ఉందో ఊహించడం కష్టం కాదు.

నంది తిమ్మన సత్యభామ సాక్షాత్తూ కృష్ణుని తలను ఎడమకాలితో తన్నితే, ఆ పద్యాన్ని మనం తరతరాలుగా మురిసిపోతూ రాగం తీసి చదువుకుంటున్నాం. శ్రీనాథుడి శృంగారానికైతే చాటువులతో సహా చప్పట్లే. ముద్దుపళని రాధ మాత్రం, తాను పెంచిన ఇల అనే అమ్మాయిని కృష్ణునికిచ్చి పెళ్ళి చేసి, ఆ తరువాత విరహంతో, కోపంతో రగిలి, చివరికి అతడే వచ్చి బతిమాలేలా చేసుకున్నందుకు సంఘానికి ముప్పు అయిపోయింది! స్త్రీవిద్య కోసం జీవితమంతా పోరాడిన వీరేశలింగంగారు, ఇందులోని అనేక భాగాలు స్త్రీలు వినడానికే తగవని, ఇక స్త్రీ నోట రావడం ఏమిటని తన కవుల చరిత్రలో తీర్పు చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ తీర్పుకు తలవంచలేదు. ఆమె వ్రాతప్రతిని వెతికించి, వదిలేసిన భాగాలను చేర్చి, 1910లో ప్రచురణకర్తలైన వావిళ్ళవారి ద్వారా పూర్తి కావ్యాన్ని అచ్చువేయించి, సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కరలేదా అని పీఠికలోనే నిలదీసింది. ఒక దేవదాసి కావ్యాన్ని మరొక దేవదాసి అచ్చులోకి తెచ్చిన మరుసటి ఏడే ప్రభుత్వం కదిలి, ప్రతులను స్వాధీనం చేసుకుంది. పండితులు అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. 1947లో ప్రకాశం పంతులుగారు నిషేధం ఎత్తివేయించేదాకా అదే పరిస్థితి.

నాగరత్నమ్మ మొండితనం ఎంతటిదంటే, తిరువయ్యారులో తన డబ్బుతో త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించినా, అక్కడ ఏటా జరిగే ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే, 1927లో ఆడవాళ్ళతోనే వేరే బృందాన్ని ఏర్పాటు చేసింది.

కాబట్టి 'ఆ కాలపు నీతి అది' అని కింద వ్యాఖ్య పెట్టబోయేవారు, నాగరత్నమ్మ కూడా ఆ కాలంలోనే బతికిందని గుర్తుంచుకుని, ఆమె నీతి ఏ కాలానిదో చెప్పి మరీ పెట్టండి.