ముందు వరుసలో వాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు

అందరికీ నమస్కారం.

స్త్రీలను యుద్ధంలో ముందు వరుసకు పంపాలా వద్దా అన్నది ఇవాళ నాకిచ్చిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచడం నాకిష్టం లేదు. ఆ పని చేయగల మనిషిని ఆడమనిషి అన్న ఒక్క కారణంతో ఆపకూడదు. చేయలేని మనిషికి ఆడమనిషి అన్న కారణంతో పరీక్ష తేలిక చేయనూ కూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం కాబట్టే ఇన్నేళ్లుగా అరుచుకుంటున్నాం.

అసలు "పంపాలా" అని అడగడంలోనే ఒక పొరపాటు ఉంది, వాళ్లు ఇంతవరకు అక్కడికి వెళ్లనే లేదన్నట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో దాదాపు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. వాళ్లలో నర్సులు, వంటవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ దూరం నుంచి గురిచూసి కాల్చే స్నైపర్లు, ట్యాంకు నడిపినవాళ్లు, మెషిన్‌గన్ పట్టినవాళ్లు కూడా ఉన్నారు. 588వ బాంబర్ విమానాల రెజిమెంట్‌లో పైలట్ల దగ్గర్నుంచి మెకానిక్‌ల వరకు అందరూ ఆడవాళ్లే. చెక్కతో, గుడ్డతో చేసిన పాతకాలపు విమానాల్లో రాత్రిపూట వెళ్లి, చప్పుడు రాకుండా ఇంజిన్ తగ్గించి, గాల్లో జారుతూ వచ్చి బాంబులు వేసేవాళ్లు. జర్మన్ సైనికులు వాళ్లకు రాత్రి మంత్రగత్తెలని పేరు పెట్టారంటే ఎంత భయపడ్డారో చూడండి. ఇక ల్యూద్మిలా పావ్లిచెంకో అనే స్నైపర్ లెక్కలో 309 మంది శత్రు సైనికులు. గాయపడ్డాక 1942లో ఆమెను అమెరికా పర్యటనకు పంపితే అక్కడి విలేకరులు ఏం అడిగారో తెలుసా? యుద్ధంలో మేకప్ వేసుకోనిస్తారా అని, మీ యూనిఫాం స్కర్టు ఇంత పొడుగేమిటని. అది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

సరే, అది ప్రాణం మీదికి వచ్చిన దేశం, అప్పుడు ఎవర్నైనా వాడుకుంటారు అనవచ్చు. మరి దగ్గరి కాలానికి రండి. 1994లో అమెరికా సైన్యం ఒక నియమం పెట్టింది, నేల మీద నేరుగా పోరాడే దళాల్లో స్త్రీలను నియమించకూడదని. తర్వాత ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలొచ్చాయి. అక్కడి ఇళ్లలో ఆడవాళ్లను సోదా చేయాలన్నా, వాళ్లతో మాట్లాడాలన్నా స్త్రీలే కావాలి. నియమం మార్చలేదు, ఒక దారి వెతుక్కున్నారు: ఈ స్త్రీలను దళంలో "నియమించలేదు", దళానికి "జత చేశాం" అని కాగితం మీద రాశారు. అలా జత చేసిన వాళ్లలో ఒకరు ఆష్లీ వైట్. 2011 అక్టోబరులో కాందహార్‌లో, రాత్రి దాడికి వెళ్లిన రేంజర్లనే ప్రత్యేక దళం వెంట ఉండగా బాంబు పేలి చనిపోయింది. అంతకు ముందు, 2005 మార్చిలో, ఇరాక్‌లో వాహనాల వరుసకు కాపలాగా వెళ్లిన మిలిటరీ పోలీసు లీ ఆన్ హెస్టర్ మీద మెరుపుదాడి జరిగితే ఆమె శత్రువులున్న కందకంలోకే దిగి ఎదురు కాల్పులు జరిపింది, యుద్ధంలో తెగువకు ఇచ్చే సిల్వర్ స్టార్ పతకం వచ్చింది. కాగితం ప్రకారం ఆమెది పోరాట ఉద్యోగమే కాదు!

అంటే ఆ నిషేధం తూటాల్ని ఆపలేదు. పదాతి దళానికి ఇచ్చే శిక్షణను, ఆ అనుభవంతో దొరికే ప్రమోషన్లను మాత్రం ఆపింది. 2013లో నిషేధం ఎత్తేశారు, 2015 చివర్లో అన్ని ఉద్యోగాలూ తెరుస్తున్నట్టు ప్రకటించారు. నార్వే ఆ పని 1985లోనే చేసింది, జలాంతర్గాములతో సహా.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట. దీన్ని తేలిగ్గా తీసేసే వాళ్లంటే నాకు పడదు, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. 2015లో అమెరికా మెరైన్ దళం ఒక పెద్ద ప్రయోగం చేసింది, పురుషులు మాత్రమే ఉన్న జట్లనూ స్త్రీలు కలిసిన జట్లనూ పోల్చి. 134 పనుల్లో 93 పనులు పురుషుల జట్లు మెరుగ్గా చేశాయి. కండరాలు, ఎముకల గాయాలు కూడా స్త్రీలకే ఎక్కువయ్యాయి. 40 కిలోలు దాటిన ఫిరంగి గుండును పదే పదే ఎత్తాలి, గాయపడ్డ తోటి సైనికుణ్ణి అతని ఆయుధాలతో సహా ఈడ్చుకు రావాలి, అక్కడ ఎవరి సిద్ధాంతాలూ బరువు తగ్గించవు. కానీ ఆ ప్రయోగం చూపించింది జట్ల సగటు. సైన్యంలోకి తీసుకునేది సగటును కాదు కదా, ఫలానా మనిషిని. అదే 2015 ఆగస్టులో క్రిస్టెన్ గ్రీస్ట్, షేయ్ హేవర్ అనే ఇద్దరు రేంజర్ స్కూలు పూర్తిచేశారు, మగవాళ్లలో కూడా ఎందరో మధ్యలోనే ఆగిపోయే కోర్సు అది.

ఆ గ్రీస్టే తర్వాత అమెరికా సైన్యంలో మొదటి మహిళా పదాతి అధికారి అయ్యింది. 2021లో, సైన్యం ఫిట్‌నెస్ పరీక్షలో స్త్రీలకు వేరే మార్కులు పెట్టే ఆలోచన నడుస్తున్నప్పుడు, వద్దని బహిరంగంగా రాసింది. పోరాట దళంలో ఉన్న స్త్రీని తక్కువ మార్కులతో వచ్చిందని అందరూ అనుమానంగా చూస్తారు, దానివల్ల సైన్యానికీ నష్టం, స్త్రీలకూ నష్టం అన్నది ఆమె వాదన. నాకు ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే. 2022లో సైన్యం ఆమె మాట వినకుండా వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి వేర్వేరు మార్కులు పెట్టింది, అది తప్పని నేననుకుంటున్నాను. ఏ పనికి ఎంత బలం కావాలో ఆ పనిని చూసి తేల్చాలి, తేల్చాక అందరికీ అదే. పది మందే నెగ్గితే పది మందే. అయితే ఇంకో మాట, మగవాళ్ల ఒంటి కొలతలతో కుట్టిన కవచం, బరువంతా తుంటి మీద కాకుండా భుజాల మీద పడే సంచి ఇచ్చి గాయాలవుతున్నాయంటే అది న్యాయం కాదు. ఆ ఖర్చు ముందు పెట్టాలి.

శత్రువుకు చిక్కితే ఏమవుతుంది అని అడుగుతారు. 1991 గల్ఫ్ యుద్ధంలో రోండా కోర్నమ్ అనే సైనిక వైద్యురాలి హెలికాప్టర్ కూలి, రెండు చేతులూ విరిగి, బందీగా చిక్కింది. ఆమె మీద లైంగిక దాడి కూడా జరిగింది. విడుదలై వచ్చాక ఇల్లు చేరి కూర్చోలేదు, బ్రిగేడియర్ జనరల్ స్థాయికి ఎదిగింది. ఆ బాధ చిన్నదని నేననను. కానీ ఆ ప్రమాదాన్ని తలకెత్తుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది శత్రువు కాదు, సొంత సైన్యంలోనే జరిగే వేధింపులు. వాటిని సాకుగా చూపించి స్త్రీలను బయట ఉంచడం, తప్పు చేసినవాణ్ణి వదిలేసి బాధితురాలికి శిక్ష వేసినట్టు.

ఇక చివరిది. హక్కు సమానమైతే నిర్బంధ సైనిక సేవ కూడా సమానమేనా? అవును. నార్వే 1997 నుంచి పుట్టిన అమ్మాయిలకు దాన్ని వర్తింపజేసింది, డెన్మార్క్ 2025లో మొదలుపెట్టింది. నాకూ ఒక కూతురుంది, ఈ వాక్యం రాసేటప్పుడు చాలాసేపు ఆగిపోయాను, అయినా కొట్టేయలేదు. ఇంట్లో ఈ విషయం మీద మా ఇద్దరికీ ఇంకా ఒప్పందం కుదరలేదు. మీలో కూడా చాలామంది ఒప్పుకోరని తెలుసు, అడగండి, మైకు అటు పంపిస్తున్నారు.