నెలకు 354 రూపాయలు మిగులుతాయని నెట్ మార్చాలా? హనుమకొండలో నెల రోజుల టెస్ట్

నమస్తే అందరికీ. ఇదిగో, గోడ మీద రెండు నెట్ డబ్బాలు (రౌటర్లు) చూడండి. ఎడమ పక్కది నాలుగేళ్లుగా ఉన్న పాత కనెక్షన్. కుడి పక్కది పోయిన నెల పెట్టించిన కొత్తది. ఒక్క ఇంటికి రెండు నెట్‌లు ఎందుకురా అని అమ్మ రోజూ అడుగుతోంది. వీడియో కోసమమ్మా అంటే, "మరి బిల్లు కూడా వీడియో చూసేటోళ్లే కడతారా?" అంటోంది. కట్టరు. నేనే కడుతున్నా.

సంగతేంటంటే, మాది నయీంనగర్ వైపు ఇల్లు. పాత ప్లాన్ 100 ఎంబీపీఎస్, 799 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ పడితే చేతి నుంచి పోయేది 942.82. ఒకరోజు గేటుకు ఒక పాంప్లెట్ తగిలించి పోయారు, 60 ఎంబీపీఎస్ 499 మాత్రమే అని. జీఎస్టీతో 588.82. తేడా నెలకు 354, ఏడాదికి 4,248 రూపాయలు. గ్యాస్ సిలిండర్లు నాలుగు వస్తాయి కదా అనిపించింది.

ఫోన్ చేస్తే అసలు కథ తెలిసింది. 499 అనేది ఆరు నెలలకు ఒకేసారి కట్టేవాళ్లకు. నెల నెలా కడతానంటే 599, పైన జీఎస్టీ, ఇన్‌స్టాలేషన్‌కు ఇంకో వెయ్యి. ఆరు నెలలకు కడితే ఇన్‌స్టాలేషన్ ఫ్రీ. నేను కావాలనే నెలకే తీసుకున్నా. 1,707 రూపాయలు పోయాయి. ఈ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు.

కంపెనీల పేర్లు చెప్పట్లేదు, కామెంట్లలో అడగొద్దు. దాచిపెట్టాలని కాదు. అదే కంపెనీ నక్కలగుట్టలో బ్రహ్మాండంగా నడుస్తుంది, కాజీపేటలో రోజుకోసారి పోతుంది. మనం డబ్బులిచ్చేది కంపెనీకే, కానీ మనకు దొరికేది మన గల్లీ స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే ఆ సన్న వైరు, అది తెగితే నిచ్చెన పట్టుకుని వచ్చే మనిషి. వేరే గల్లీ వాళ్ల రివ్యూ మనకు సగమే పనికొస్తుంది. నా రివ్యూ కూడా అంతే.

సరే, స్పీడ్. ముందుగా ఒక పొరపాటు ఒప్పుకోవాలి. పాత నెట్ స్లో అని ఆరు నెలలుగా తిట్టుకుంటున్నా. బెడ్‌రూమ్‌లో ఫోన్ పెట్టి చూస్తే 31 వచ్చేది. అదే డబ్బాకు లాన్ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో చూస్తే 94! నెట్‌ది తప్పు కాదు, మా వైఫైది. వైఫైలో రెండు దారులుంటాయి, ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ దాని మీద కూర్చుంది. అది గోడలు దాటుతుంది కానీ చుట్టుపక్కల పది ఇళ్ల వైఫైలూ అందులోనే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలకే నీరసపడుతుంది. డబ్బాను టీవీ వెనక నుంచి తీసి హాల్ మధ్యలో ఎత్తులో పెట్టాక బెడ్‌రూమ్‌లో 78 వచ్చింది. రూపాయి ఖర్చు లేదు. మీరు కూడా కంపెనీ మార్చే ముందు ఈ ఒక్క పని చేసి చూడండి.

ఇంకోటి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 ఎంబీ డౌన్‌లోడ్ అవుతుందనుకుంటారు. అవదు. ఎనిమిదితో భాగించాలి, పన్నెండున్నర ఎంబీ. అదైనా మనకు అంత అక్కర ఉందా? హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది, 4కే అయితే 15 నుంచి 25. మా ఇంట్లో టీవీ, మా ఆవిడ ఆఫీసు కాల్, రెండు ఫోన్లు, అన్నీ కలిపినా 60 దాటవు. అంటే కాగితం మీద చౌక ప్లానే మాకు సరైనది.

ఇక కొత్తది. మధ్యాహ్నం లాన్ మీద 57, అంటే చెప్పినంతే ఇచ్చాడు. రాత్రి తొమ్మిదికి 41. క్రికెట్ మ్యాచ్ రోజు 26. ఎందుకంటే స్తంభం దగ్గర ఒక్క ఫైబర్‌ను, అంటే వెలుతురుతో నెట్ మోసే సన్న గాజు వైరును, స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. పైనుంచి వచ్చేది దాదాపు రెండున్నర గిగాబిట్లు, అంటే 2,500 ఎంబీపీఎస్. 64 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి 40 లోపే. దానికి తోడు ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న లైన్ కూడా చాలాలి. పాతదాంట్లోనూ ఇదే పద్ధతి, కాకపోతే రాత్రి తొమ్మిదికి కూడా 88 కంటే తగ్గలేదు. ఎవరైనా సేల్స్ అబ్బాయి పొద్దున పదకొండింటికి స్పీడ్ టెస్ట్ చూపిస్తే నవ్వి ఊరుకోండి, రాత్రి రమ్మనండి.

ఓటీటీలు ఫ్రీ అన్నాడు, నేను చూసేది ఒక్కటీ అందులో లేదు. అన్‌లిమిటెడ్ అంటే 3,300 జీబీ, ఆ తర్వాత స్పీడ్ తగ్గుతుంది. మేం 410 వాడాం, కాబట్టి అది పెద్ద విషయం కాదు.

అసలు పరీక్ష మూడో వారం జరిగింది. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు కోతులు వచ్చాయి. హనుమకొండ వాళ్లకు నేను వివరించక్కర్లేదు. పక్కింటి జామచెట్టు మీద నుంచి మా డాబాకు వైర్లు పట్టుకునే దూకుతాయి. మా రెండు ఫైబర్లూ ఒకే దారిలో ఉన్నాయి. ఒక పెద్ద కోతి రెండూ కలిపి పట్టి ఊగింది. కిందికి వచ్చి చూస్తే రెండు డబ్బాల్లోనూ ఎర్ర లైటు. ఇంతకన్నా న్యాయమైన పోటీ ఎవరు పెట్టగలరు చెప్పండి!

రెండింటికీ ఏడు లోపే కంప్లైంట్ ఇచ్చా. పాత కంపెనీ అన్న ఎనిమిదీ పదికి బండి మీద వచ్చాడు. ఫైబర్‌లో వెలుతురు ఎంత వస్తుందో కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 31 చూపించింది. "మైనస్ 27 దాటితే డబ్బాకు వెలుతురు అందది తమ్ముడూ" అన్నాడు. ఆ లెక్క ఎట్లా ఉంటుందంటే, మూడు పాయింట్లు పడిపోతే వెలుతురు సగం అయినట్టే. వైరు తెగలేదు, గోడ మూల దగ్గర మడత పడింది. ఫైబర్ మడత పడితే లోపలి వెలుతురు అక్కడే బయటికి కారిపోతుంది. అంత ముక్క కోసేసి, స్ప్లైసింగ్ మిషన్‌లో రెండు కొసలు పెట్టాడు. స్క్రీన్ మీద వెంట్రుకంత గీతలు రెండూ ఎదురెదురుగా వచ్చి అతుక్కున్నాయి. మళ్లీ మీటర్ పెడితే మైనస్ 20. ఎనిమిదీ నలభైకి ఆకుపచ్చ లైటు. చాయ్ తాగి పోతూ పోతూ, వైరును చెట్టు పక్క నుంచి తీసి సజ్జ కింద నుంచి వేసి పోయాడు.

కొత్తవాళ్లు? డాకెట్ నంబర్, అంటే కంప్లైంట్ నంబర్, మెసేజ్ వెంటనే వచ్చింది. మనిషి సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. మంచి పిల్లగాడే, అతనిది తప్పు కాదు. నాలుగు కాలనీలకు నేనొక్కడినే అన్నా అన్నాడు. శనివారం మా ఆవిడకు ఆఫీసు పని ఉంది. కొత్తదొక్కటే ఉండి ఉంటే ఆ రోజు ఫోన్ హాట్‌స్పాటే గతి.

పాత కంపెనీకి ఫోన్ చేసి, తీసేస్తున్నా అని చెప్పా. రెండు నిమిషాలు లైన్‌లో ఉంచి, యాప్‌లో కనిపించని ప్లాన్ ఒకటి చెప్పారు: 60 ఎంబీపీఎస్, 649. జీఎస్టీతో 765.82. అంటే 177 రూపాయలు తగ్గింది, అదీ అడిగితేనే. నాలుగేళ్లు అడగకుండా కట్టినందుకు కొంచెం కడుపు మండింది.

కాబట్టి మా ఇంటికి పాతదే ఉంటుంది, చిన్న ప్లాన్‌తో. కానీ పైన అద్దెకుంటున్న అక్కవాళ్లకు కొత్తదే తీసుకోమన్నా. వాళ్లు ఇద్దరూ పగలంతా బయటే, రాత్రి సీరియల్, ఫోన్లు. రెండు రోజులు పోయినా వాళ్లకు టెన్షన్ లేదు. ముందు నెలకే తీసుకోండి, ఆరు నెలల ఆశకు పోవద్దు అని మాత్రం చెప్పా.

మారేవాళ్లకు రెండు మాటలు. సిమ్ లాగా ఇక్కడ పోర్ట్ ఉండదు, పాతది మీరే రాసిచ్చి బంద్ చేయించాలి. డబ్బా, అడాప్టర్ వాళ్లవైతే తిరిగిచ్చి రసీదు తీసుకోండి, లేకపోతే డిపాజిట్ మాట మర్చిపోవాల్సిందే. షాపులో పాత రకం సీసీ కెమెరాలు ఉంటే రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే కంపెనీ మీ కనెక్షన్‌కు ఇచ్చిన అడ్రస్ నంబర్, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది అందరికీ కలిపి ఇచ్చిన అడ్రస్. ఇంటి నుంచి కెమెరా తెరుచుకోదు, మీకొక్కరికే ఉండే మారని అడ్రస్‌కు, అంటే స్టాటిక్ ఐపీకి, వేరే డబ్బులు అడుగుతారు. ములుగు రోడ్డులో మా బావ మెడికల్ షాపులో ఇదే జరిగింది.

కింద కామెంట్‌లో మీ స్పీడ్ రాయొద్దు. మీ గల్లీ పేరు, ఎర్ర లైటు వచ్చాక మనిషి ఎన్ని గంటలకు వచ్చాడో రాయండి. పక్క గల్లీ వాళ్లు అది చూసుకుంటారు.