పటంలో గీత పల్చబడితే

శ్రోతలకు నమస్కారం. ఫోనులో పటం తెరిచి, దేశమంతా కనిపించేంత దూరం జరిపితే నది మెలికలు మాయమవుతాయి. దగ్గరికి తెస్తే తిరిగి వస్తాయి. పటంలోని గీత అంటే వరసగా కలిపిన పాయింట్లే. దూరపు చూపుకు వేల పాయింట్లు అక్కర్లేదు కనుక వాటిలో చాలావాటిని ప్రోగ్రామ్ ముందే తీసేస్తుంది. ఏవి తీయాలో అది చేసే నిర్ణయాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఇవాళ చూద్దాం.

ఎక్కువ వాడుకలో ఉన్నది 1973లో డగ్లస్, ప్యూకర్ ప్రచురించిన పద్ధతి. గీత రెండు కొసలనూ తిన్నగా కలపాలి. ఆ తిన్నని గీతకు అన్నిటికన్నా దూరాన ఉన్న పాయింటును పట్టుకోవాలి. ఆ దూరం మనం పెట్టిన హద్దును, అంటే టాలరెన్స్‌ను, దాటితే ఆ పాయింటు నిలుస్తుంది. గీత అక్కడ రెండు ముక్కలవుతుంది, ఒక్కో ముక్క మీదా మళ్లీ ఇదే పని. దాటకపోతే మధ్యవన్నీ పోతాయి.

దూరమైనదే నిలవడంలో చిక్కుంది. జీపీఎస్ తడబడి ఒక పాయింటును 50 మీటర్లు పక్కన పెట్టిందనుకోండి. టాలరెన్స్ 10 మీటర్లైతే ఆ తప్పుడు ముల్లు భద్రంగా మిగులుతుంది, చుట్టూ ఉన్న చిన్నచిన్న నిజమైన వంపులు పోతాయి. కాబట్టి తప్పుడు పాయింట్లను ముందే ఏరేయాలి. 1993లో విశ్వలింగం, వ్యాట్ చెప్పిన పద్ధతి దూరాన్ని చూడదు. వరసగా ఉన్న మూడు పాయింట్ల త్రిభుజం ఎంత చిన్నదైతే దాని నడిమి పాయింటు అంత ముందు పోతుంది. సన్నని ముళ్లు ఇందులో తేలిగ్గా రాలిపోతాయి. నదులకు, తీరాలకు ఇదే మేలని నా అభిప్రాయం. అయితే భూమిలోకి సన్నగా చొచ్చుకొచ్చిన అసలైన సముద్రపు పాయ కూడా రాలిపోవచ్చు.

అసలు ప్రమాదం మరొకటి. టాలరెన్స్ ఇచ్చే హామీ ఆ ఒక్క గీతకే. పక్కవాటి సంగతి దానికి పట్టదు. తీరం కాస్త జరిగితే ఒడ్డునున్న ఊరు సముద్రంలో తేలుతుంది. రెండు జిల్లాలను విడివిడిగా తగ్గిస్తే ఉమ్మడి సరిహద్దు మీద సన్నని సందులు, అతివ్యాప్తులు పడతాయి. రెండు చుట్టుగీతలూ వేరువేరు పాయింట్ల దగ్గర మొదలవుతాయి కదా, ఒకే సరిహద్దులో రెండు రకాల పాయింట్లు మిగులుతాయి. పటాల డేటాను దాచే పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్ సాధనంలో 'ప్రిజర్వ్ టోపాలజీ', అంటే అమరికను కాపాడు, అన్న పేరు చూసి చాలామంది ధీమాగా ఉంటారు. అది ఒక్కో ఆకారం చెడకుండా చూస్తుందే తప్ప పొరుగుదాన్ని చూడదు. సరిహద్దులను కూడళ్ల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కసారే తగ్గించి, తిరిగి కలపాలి. టోపోజేసన్ అనే పటాల ఫైలు పద్ధతిలో జరిగేది అదే.

కొలత విషయంలోనూ జాగ్రత్త. అచ్చు పటంలో 0.2 మిల్లీమీటర్ల తేడా అంటే 1:50,000 స్కేలులో నేల మీద 10 మీటర్లు. డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే టాలరెన్స్ డిగ్రీల్లో పడుతుంది. 0.001 డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 111 మీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా అందులో సగమే. ముందు మీటర్ల ప్రొజెక్షన్‌లోకి, అంటే గుండ్రని భూమిని చదునుగా పరిచి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చుకోండి.

పని అయ్యాక ప్రతి ఊరూ గీతకు ఏ వైపుందో పాత పటంతో పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ ముక్కకు టాలరెన్స్ తగ్గించి మళ్లీ నడపండి, అదీ మూల గీత నుంచే. ఒకసారి 10 మీటర్లతో తగ్గించినదాన్ని మళ్లీ 10 మీటర్లతో తగ్గిస్తే తేడా 20 మీటర్ల దాకా పోతుంది.