కంప్యూటర్‌కు యూరియా అంటే ఎందుకంత మోజు?

[తెరపై: దాణా లెక్కల ఖాళీ పట్టిక]

ఈ రోజు కంప్యూటర్‌కు ఒక పరీక్ష పెడదాం. రోజుకు 15 లీటర్ల పాలిచ్చే ఆవుకు మాంసకృత్తులు, శక్తి సరిపోవాలి, ఖర్చు మాత్రం తగ్గాలి. మేతల జాబితా, ధరలు ఇచ్చాం. అందులో యూరియా కూడా వేశాం.

[తెరపై: యూరియా గడిలో అంకె పెరుగుతూ ఎర్రబడుతుంది]

చూశారా, మాంసకృత్తుల కోసం యూరియానే కుమ్మరించింది! దాని తప్పేమీ లేదు. యూరియాలో నత్రజని 46 శాతం. నత్రజనిని 6.25తో గుణించి మాంసకృత్తులుగా లెక్కకడతారు కాబట్టి, కిలో యూరియా కాగితం మీద 2.87 కిలోల మాంసకృత్తులకు సమానం. అంత చవక బేరం తగిలితే ఏ పిసినారి గుమస్తా వదులుకుంటాడు? ఆవుకు మాత్రం రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి హద్దులు మనమే రాయాలి. యూరియా మేత మొత్తంలోని శుష్క పదార్థంలో, అంటే నీరు పోగా మిగిలేదాంట్లో, 1 శాతం దాటకూడదు, అదీ మెల్లగా అలవాటు చేస్తూ. పీచు ఇంతకు తగ్గకూడదు. ఆవు తినగలిగినదానికి మించకూడదు. ఇలా హద్దులు దాటకుండా అతి తక్కువ ఖర్చును వెతికే పద్ధతిని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. గణిత శాస్త్రవేత్త జార్జ్ డాంట్‌జిగ్ 1947లో దాన్ని సాధించే మార్గం కనిపెడితే, 1951లోనే ఫ్రెడరిక్ వా అనే ఆర్థికవేత్త పాడి దాణాకు వాడి చూపారు.

[తెరపై: త్రాసు మీద పచ్చిమేత]

అసలు చిక్కు ఇక్కడ ఉంది. నీరు పోగా మిగిలేదే శుష్క పదార్థం. 25 కిలోల పచ్చిమేతలో అది 20 శాతమైతే 5 కిలోలు. వాన పడి 15 శాతానికి దిగిందా, 3.75 కిలోలే. గంప అదే, తూకం అదే, కడుపులోకి వెళ్లేది మాత్రం కిలోంపావు తక్కువ. సాఫ్ట్‌వేర్‌కు వాన సంగతి ఎలా తెలుస్తుంది?

100 గ్రాముల మేతను సన్నగా తరిగి, మాడకుండా ఓవెన్‌లో ఆరబెట్టండి. బరువు ఇక తగ్గడం లేదన్నప్పుడు తూచండి. ఎన్ని గ్రాములు మిగిలితే అంత శాతం.

మెడ పట్టీల సెన్సార్లు ఎదను, నెమరు తగ్గడాన్ని బాగానే పట్టిస్తాయి. కానీ నన్నడిగితే, వాటికన్నా ముందు ఈ చిన్న త్రాసు కొనండి.

[తెరపై: తొట్టిలో మిగిలిన కాడలు]

కొత్త దాణాకు వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. తొట్టి కూడా చూస్తూ ఉండండి. ఆకులు ఏరుకు తిని కాడలు వదిలేసిందా? పట్టిక వాటినీ తిన్నట్టే లెక్కవేస్తోంది. ఆ కాడలు తూచి, మొత్తంలోంచి తీసేసి, లెక్క మళ్లీ నడపండి.