మూత తెరిచాక మేలుకోవాలి

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అమలాపురంలో మన మాటల్లో, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ గురించి చెప్పుకోవడం నాకెంతో సంతోషంగా ఉంది.

ఎండాకాలం మన ఊళ్లలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. ల్యాప్‌టాప్ మూత మూసి పడుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ మిగిలుండాలి, చేస్తున్న పని ఎక్కడిదక్కడే ఉండాలి. ఆ పూచీ కెర్నల్‌ది.

మొదట్లో ఈ పెత్తనమంతా బయాస్‌దే, అంటే బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాముది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం అనే కరెంటు పొదుపు పద్ధతి అలాంటిది. 1996 డిసెంబరులో తోషిబాతో కలిసి ఏసీపీఐ అనే కొత్త పద్ధతి తెచ్చాక నిర్ణయాలు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చాయి. బోర్డు వివరాలను తయారీదారు ఏఎంఎల్ అనే బైట్‌కోడ్‌లో, అంటే ప్రాసెసర్ నేరుగా నడపలేని సంకేతాల్లో, రాసి ఉంచుతాడు. దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ కెర్నల్‌లో ఉండాలి. కొత్తగా కెర్నల్ రాసేవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. ఆ పని చేసే ఏసీపీఐసీఏ అనే ఓపెన్‌సోర్స్ కోడ్ ఉంది, లినక్స్, ఫ్రీబీఎస్‌డీ కెర్నల్‌లు రెండూ అదే వాడతాయి. మీరూ వాడుకోవచ్చు.

నిద్రపుచ్చడానికి ఒక వరస ఉంది. ముందు ప్రోగ్రాములను ఆపాలి, తర్వాత పరికరాలను. యూఎస్‌బీ మౌస్ పడుకున్నాకే దాన్ని నడిపే చిప్, అంటే కంట్రోలర్, పడుకోవాలి. మేలుకొలుపులో ఇదే తిరగబడుతుంది. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలినప్పుడు మీరు చూసేదే: పెద్ద కాలువ పారాక పిల్ల కాలువ, ఆ తర్వాత బోదె, చివరికి శివారు చేను. కంట్రోలర్ లేవకుండా మౌస్‌ని లేపబోయే డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్), కాలువ రాకముందే మడికి తూము తీసినట్టే.

అసలు కష్టం ఏసీపీఐలో ఎస్3 అని పిలిచే నిద్ర నుంచి లేవడంలో ఉంది. ఆ నిద్రలో ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతుంది, ప్రాసెసర్ అన్నీ మరిచిపోతుంది. లేవగానే బయాస్ లాంటి ఫర్మ్‌వేర్, మనం ముందే రాసి ఉంచిన చిరునామాకు దూకుతుంది. పాత పద్ధతి ఎక్స్86 (ఇంటెల్ తరహా) యంత్రాల్లో ఆ క్షణాన ప్రాసెసర్ 16 బిట్ల రియల్ మోడ్‌లో ఉంటుంది, 1978 నాటి 8086 ప్రాసెసర్‌లాగా. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా 64 బిట్లకు ఎక్కించి, ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో ముందే దాచుకున్న విలువలన్నీ తిరిగి నింపాలి. ఈలోగా తప్పు జరిగితే తెర నల్లగానే ఉంటుంది. ఏం జరిగిందో చెప్పే నాథుడుండడు.

నేను సరిచేసిన ఒక వైఫై డ్రైవర్ సంగతి చెబుతాను. మూత తెరిస్తే అంతా బాగానే ఉండేది, నెట్ మాత్రం రాదు. మూడు రాత్రులు కూర్చున్నాను, టెన్షన్‌తో నిద్రే లేదు. నిద్రలో కరెంటు అందనప్పుడు చిప్ తన సెట్టింగులన్నీ పోగొట్టుకుంది, డ్రైవర్ మాత్రం అవి ఇంకా ఉన్నాయనే నమ్ముతోంది. లేచాక వాటిని మళ్లీ రాయించే పది లైన్లు చేర్చేసరికి పనిచేసింది. ఆ తెల్లవారుజామున నాకు కలిగిన ఆనందం మీ అందరికీ దక్కాలని నా కోరిక.

మరి యంత్రమే బిగుసుకుపోతే? పవర్ బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేస్తే ర్యామ్‌లో రాసుకున్నది నిలుస్తుందన్న నమ్మకం లేదు. నిలిచేది గడియారం చిప్ ఒక్కటే. 2006లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అందులో చేర్చిన పీఎం ట్రేస్ అనే సదుపాయం దాన్నే పట్టుకుంది. మేలుకొలుపులో ఎంతవరకు వచ్చామన్న గుర్తును తేదీ, సమయాల రూపంలో ఆ గడియారంలోనే రాస్తుంది. మళ్లీ బూట్ అయ్యాక, ఏ పరికరం దగ్గర ఆగిందో కెర్నల్ ఆ గుర్తును బట్టి పోల్చి చెబుతుంది. తేదీ తారుమారవుతుంది, అయితేనేం, దొంగ దొరుకుతాడు. ఇంత ఇరుకులో ఇంత చక్కని ఉపాయం నేను మరెక్కడా చూడలేదు.

భోజనాలయ్యాక మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి. లినక్స్‌లో పీఎం టెస్ట్ అనే సదుపాయం ఉంది. అందులో ముందు ఫ్రీజర్ అని రాసి నిద్రపుచ్చుదాం. ప్రోగ్రాములు మాత్రమే ఆగి, 5 సెకన్లకు వాటంతటవే లేస్తాయి. అది కుదిరితే డివైసెస్ అని రాసి పరికరాలనూ, ఆ తర్వాత ప్లాట్‌ఫామ్ అని రాసి ఫర్మ్‌వేర్ పనులనూ పరీక్షిద్దాం. ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. మొదలుపెట్టే ముందు మీ ఫైళ్లు సేవ్ చేసుకోవడం మరవకండి.