నిమ్మచెక్కలో లవంగాలు గుచ్చితే దోమలు పోతాయా?

కాలనీవాసులందరికీ నమస్కారం. ఈరోజు ఆగస్టు 20. 1897లో ఇదే రోజున మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. అంత పెద్ద సంగతి తేలిన ఊళ్లో ఉండి, దోమల గురించి ఫోన్లో వచ్చిన ప్రతి చిట్కానూ నమ్మేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

నిమ్మచెక్కలో లవంగాలు గుచ్చి మంచం పక్కన పెట్టుకోమంటారు కదా, నేనూ పెట్టి చూశాను. తెల్లారి లేచేసరికి ఆ పళ్లెం అంచు మీదే ఓ దోమ వాలి ఉంది, పొట్ట ఎర్రగా ఉబ్బి. మన ఊపిరి, చెమట వాసన, ఒంటి వేడి పట్టుకుని వచ్చే దోమను మూలనున్న లవంగం ఎక్కడ ఆపుతుంది? వెల్లుల్లి తిన్నా అంతే. కొబ్బరినూనెలో వేపనూనె కలిపి ఒంటికి రాసుకుంటే కొంతసేపు పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ రాసుకోవాల్సిందే. పసిపిల్లలకు మాత్రం వద్దమ్మా, నోట్లోకి పోతే ప్రమాదం. వేపాకు పొగకు దోమలు కాస్త తగ్గుతాయి గానీ, తలుపులు మూసి పొగ వేస్తే ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఏమైపోవాలి?

ఇంట్లో ఉన్నవాటిలో నిజంగా పనికొచ్చేవి దోమతెర, ఫ్యాను. ఫ్యాను గాలికి దోమ నిలదొక్కుకోలేదు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి, మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలకూ తెర కట్టండి.

వీటన్నిటికంటే నేను నమ్మేది గిన్నెలు తోమే పీచును. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురిక్కాలవలో కాదు, కూలర్లో, డ్రమ్ములో, ఫ్రిజ్ వెనక ట్రేలో. నల్లటి చుక్కల్లాంటి ఆ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినంత మాత్రాన చావవు. ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే పారబోశాక లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నిల్వనీళ్లన్నీ పారబోసి ఆరబెట్టాలని శుక్రవారం ‘డ్రై డే’ ఊరికే పెట్టలేదు.

టార్చిలైటు తెచ్చాను. ఈ హాలు వెనకున్న డ్రమ్ములో పొద్దున లార్వాలు చూశాను. రండి, ముందు అవి మీకు చూపిస్తాను, తర్వాత అందరం కలిసి ఆ డ్రమ్ము తోమేద్దాం.