బిడ్డను చూడ్డానికి అందరూ వస్తారు, మరి బాలింతను?

(తెర మీద: సీతమ్మధారలో ఒక ఫ్లాట్. రాత్రి రెండు. ఉయ్యాల పైన దండెం మీద పొత్తిగుడ్డలు.)

పురుడు పోసుకుని పదకొండు రోజులు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. భర్తకి స్టీల్‌ప్లాంట్‌లో సీ షిఫ్టు. అమ్మమ్మ అప్పుడే నడుం వాల్చింది. "పాలు చాలట్లేదక్కా, డబ్బా పాలు కలిపేయనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

నేను ముందు పాప నోరు చూశాను. చనుమొన కొస మాత్రమే పట్టుకుని చప్పరిస్తోంది. తల్లి వీపుకి దిండు పెట్టి, పాప పొట్ట ఆమె పొట్టకి ఆనేలా తిప్పాం. నోరు బాగా తెరిచేదాకా ఆగి దగ్గరికి తీసుకున్నాం. గడ్డం రొమ్ముకి ఆనింది. కాసేపటికి గుటకల చప్పుడు.

(తెర మీద: మాట్లాడే మనిషి.)

ఈ పని చేసేవాళ్ళని పోస్ట్‌పార్టమ్ డౌలా అంటారు. డౌలా గ్రీకు మాట, సేవ చేసే స్త్రీ అని. అమెరికన్ మానవ శాస్త్రవేత్త డానా రాఫెల్ 1973లో వచ్చిన తన పుస్తకంలో బాలింతకి తోడుండే మనిషికి ఆ మాట వాడారు. మన దగ్గర ఈ పని పుట్టింట్లో అమ్మ, పెద్దమ్మ, పిన్ని, ఇరుగమ్మ పంచుకునేవారు. ఇప్పుడు ఫ్లాట్లో అమ్మమ్మ ఒక్కతే, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులు.

నేను నర్సుని కాను. మందులివ్వను, కుట్లు చూడను. తల్లి తిన్నదా, పడుకుందా అని చూస్తాను, పెద్ద పిల్లాడికి జడ్డి తొడుగుతాను, తండ్రికి తేపు తెప్పించడం నేర్పుతాను.

పాలు చాలట్లేదన్న టెన్షన్‌కి ఒక లెక్క ఉంది. పసిబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అయిదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు అందుతున్నట్టే. ఆ ఇంట్లో పాప ఉచ్చ పోసినప్పుడల్లా క్యాలెండర్ వెనక ఒక గీత పెట్టించాను. మర్నాడు రాత్రికి ఏడు గీతలు.

ఇక పెద్దవాళ్ళు. "బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదమ్మా" అంది అమ్మమ్మ. మన వైజాగ్ ఉక్కలో, పాలిచ్చే మనిషికి! వాదిస్తే పని చెడుతుంది. "పిన్నిగారూ, మీ చేత్తో కాచిన వాము నీళ్ళే మాటిమాటికీ ఇద్దాం" అన్నాను, ఒప్పుకుంది. పాపకి తేనె నాకిస్తానంటే మాత్రం మొహమాటపడలేదు. ఏడాది నిండేదాకా బిడ్డకి తేనె ప్రమాదం.

మొదటి వారాల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటాక కూడా అది తగ్గకపోయినా, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోయినా డాక్టరుకి చూపించాలి. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం. తనకో బిడ్డకో హాని చేసుకోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి.

గంటలోపే ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా నన్ను పిలవకండి. కేజీహెచ్‌కో, ఘోషాసుపత్రికో, దగ్గర్లో ఉన్న ఇంకో ఆసుపత్రికో బయల్దేరండి.

డౌలాని పెట్టుకునే స్తోమత లేదా? ఆశా కార్యకర్తని అడగండి. ఆసుపత్రిలో పురుడైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి, అది ప్రభుత్వ పథకంలోనే ఉంది.

(తెర మీద: తెల్లవారింది. తల్లీపిల్లా నిద్రలో.)

ఏడింటికి ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఉయ్యాల వైపు నడిచాడు.

"ముందు చేతులు కడుక్కో తమ్ముడూ" అన్నాను.